వ్యాధికి విద్య యౌషధము: విర్కో వైద్యుని సైలీషియా నివేదిక

వైద్యుడు చెప్పిన పథ్యమును రోగి పాటింపడనుట వైద్యవృత్తియంత పురాతనమైన ఫిర్యాదు. మందిచ్చిన త్రావరు, నీరు కాచి త్రాగుడనిన నవ్వుదురు, ప్రాణముమీదికి వచ్చినగాని వైద్యుని పిలువరు, బిడ్డను బడికి బంపుమనిన, బడివలన కూడు వచ్చునా యని యడుగుదురు. ఏ దేశమునందైనను వైద్యులు వ్రాసిన లేఖలలోను నివేదికలలోను ఈ విసుగు కానవచ్చుచునే యుండును. అది సాధారణముగా ప్రజల మూఢత్వమును నిందించుటతో ముగియును. అట్లు ముగియక, "ప్రజలిట్లేల యున్నారు?" అను ప్రశ్నగా మారిన సందర్భములు వైద్యచరిత్రమున నరుదు. 1848లో జర్మను వైద్యుడు రుడాల్ఫ్ విర్కో ఎగువ సైలీషియానుండి తెచ్చిన నివేదిక అట్టి యరుదైన వానిలో నొకటి. జ్వరమును గూర్చి విచారింప బంపబడినవాడు, జ్వరముతోపాటు బడిని గూర్చియు, భాషను గూర్చియు వ్రాసి తెచ్చెను. ఆ నివేదిక యెట్లు పుట్టినది, అందలి నిర్ణయమేమి, దానికి పట్టిన గతి యెట్టిది యనునవి విచారింపదగియున్నవి.

ఎగువ సైలీషియా ఓడర్ నదీప్రాంతమున నున్న సీమ. నేడు దానిలో పెద్దభాగము పోలండు దేశమునకు జేరియున్నది. మధ్యయుగములందే యిది పోలండు రాజ్యమునుండి విడివడి బొహీమియా ప్రభువులకును, పిమ్మట ఆస్ట్రియా చక్రవర్తులకును లోబడెను. 1740 తరువాత జరిగిన యుద్ధములలో ప్రష్యారాజగు రెండవ ఫ్రెడరిక్ దీనిని ఆస్ట్రియానుండి గెలుచుకొనెను. ప్రభువులు మారిరి గాని పల్లెప్రజల మాట మారలేదు. ఇంటను పొలమునను వారు పోలిష్ భాషనే మాటాడుచుండిరి. కచ్చేరీలలోను న్యాయస్థానములలోను జర్మను భాష నడచుచుండెను. ప్రజలు రోమను కాథలిక్కులు, పాలకులు ప్రొటెస్టెంటులు. భూగర్భమున బొగ్గు, ఇనుము, తుత్తునాగము సమృద్ధిగా నుండెను గాని, ఆ సంపద గనుల యజమానులదియు, గొప్ప జమీందారులదియు నయ్యెను. 1807లో ప్రష్యా ప్రభుత్వము దాస్యమును రద్దుచేసినట్లు శాసించినను, ఈ సీమయందలి చిన్న రైతులకు వెట్టిచాకిరి తొలగలేదు. వారములో ననేక దినములు దొర పొలమునందు పనిచేసి, మిగిలిన దినములలో తన చిన్న చెక్కను దున్నుకొనుట సామాన్య రైతు బ్రతుకు.

ఇట్టి బ్రతుకునకు ఆధారము బంగాళాదుంప. దుంపయు, పుల్లని మజ్జిగయు, ఊరవేసిన క్యాబేజి ఆకును వారి నిత్యాహారము. రొట్టె పండుగనాటి తిండి. 1845 నుండి ఐరోపాఖండమంతట దుంపపంటను తెగులు పట్టెను. ఐర్లండునందలి ఘోరక్షామము లోకవిదితము. అదే కాలమున ఎగువ సైలీషియాయు క్షామపీడితమయ్యెను. మూడేండ్లు వరుసగా పంట చెడెను. 1847లో అతివృష్టి తోడయ్యెను. జనులు గడ్డివేళ్లను, పశువుల మేతకై పెంచు ఆకులను వండుకొని తినిరి. క్షామమును వెన్నంటి టైఫస్ జ్వరము వచ్చెను. ఈ జ్వరము టైఫాయిడ్ కంటె వేఱైనది. కరవు, యుద్ధము, చెఱసాల యున్నచోట ప్రబలునది. రిబ్నిక్, ప్లెస్ మండలములయందు దీని తాకిడి మిక్కుటము. ప్లెస్ మండలమున 1847లో పదింట నొకపాలు ప్రజలు నశించిరి. తల్లిదండ్రులను గోల్పోయిన బిడ్డలు వేలకొలది మిగిలిరి. చికిత్సకై వచ్చిన వైద్యులలోను, తుదిసంస్కారములకై తిరుగుచుండిన మతగురువులలోను పలువురు అదే జ్వరమున బడిరి.

ప్రభుత్వము మొదట మేల్కొనలేదు. స్థానికుల మొరలు అతిశయోక్తులని యధికారులు తలచిరి. బ్రెస్లావ్ నగరమున దాతలు సంఘముగా నేర్పడి ధాన్యమును బంపసాగిరి. వార్తాపత్రికలలో గగ్గోలు పుట్టెను. తుదకు బెర్లినులోని మంత్రిత్వము కదలెను. ఆ మంత్రిత్వము పేరే యీ కథకు పీఠికవంటిది: మత, విద్యా, వైద్యవ్యవహారములు మూడును ఆ యొక్క శాఖ క్రిందనే యుండెను. గుడి, బడి, మందు మూడింటికిని ఒక్కరే కర్త. ఆ శాఖవారు 1848 ఫిబ్రవరిలో బారెజ్ అను పెద్ద వైద్యాధికారిని ఎగువ సైలీషియాకు బంపుచు, శాస్త్రవిచారణకై విర్కోను వెంట నిచ్చిరి.

విర్కోకు అప్పటికి 26 ఏండ్లు. 1821లో పొమిరేనియాయందలి షీఫెల్‌బైన్ అను చిన్న పట్టణమున పుట్టి, బెర్లినునందలి సైనిక వైద్యవిద్యాలయమున జదివి, షారిటే వైద్యశాలయందు శవపరీక్షాధికారిగా నుండెను. అంతకుముందటి యేటనే రైన్‌హార్ట్ అను మిత్రునితో గూడి రోగనిదానశాస్త్రమునకొక పత్రికను స్థాపించియుండెను. సూక్ష్మదర్శినితోను, శవచ్ఛేదముతోను పరిచయమేగాని పల్లెటూరి దారిద్ర్యముతో నాతనికి పెద్ద పరిచయము లేదు. ఫిబ్రవరి 20వ తేదీన బయలుదేరి, మార్చి 10వ తేదీవఱకు ఆ సీమయందు తిరిగెను. ఊరూరను గుడిసెలు దూరి రోగులను జూచెను; శవములను కోసి పరీక్షించెను; తిండి, ఇల్లు, నీరు, గాలి, కూలి, పన్ను అన్నిటిని గూర్చి విచారించెను.

ఆతడు చూచినది ఆతని నుద్విగ్నుని జేసెను. మ్రానిదుంగలతో గట్టిన ఒంటిగది యిండ్లు. ఆ గదిలో సగము పొయ్యి. ఆ పొయ్యి ప్రక్కనే రోగులును, పసిబిడ్డలును, వృద్ధులును. కొన్నిచోట్ల పశువులును అందే. కిటికీలు తెఱచువారు లేరు. బట్టలు మార్చుటగాని, ఒడలు కడుగుటగాని అరుదు. వైద్యుని వెదకికొని వచ్చువారు మిక్కిలి తక్కువ; జ్వరము వచ్చినవాడు పరుండి, బ్రతుకునో చచ్చునో వేచియుండును; పిలువవలసివచ్చినచో మతగురువునే పిలుచును. అధికారి యెదుట వంగి దండములు పెట్టుటయు, అతడు మరలినతోడనే యథాప్రకారముగా నుండుటయు విర్కోకు రోత గొలిపెను. ఆతని నివేదికయందలి యీ భాగము నేడు చదువరికి కటువుగా తోచును. జర్మను పట్టణవాసి పోలిష్ రైతును చూచు చిన్నచూపు అందు దాగలేదు. సోమరితనము, అశుచి, దాసబుద్ధి యను మాటలను ఆతడు వెనుదీయక వాడెను. ఇంతవఱకు ఆతడు సామాన్య వైద్యుల విసుగును దాటినవాడు కాడు.

దాటిన ఘట్టము దీని తరువాత వచ్చును. ఈ స్వభావము జాతికి సహజమా, కలిగింపబడినదా యని ఆతడు ప్రశ్నించెను. అదే పోలిష్ జాతివారు ఇతరత్ర చురుకుగను స్వతంత్రముగను నుండుట ఆతడెఱుగును. కావున లోపము రక్తమున లేదు; చరిత్రమున నుండవలెను. వారమునందు సగము దినములు దొరకు ధారవోసినవానికి తన పొలము బాగుచేసికొను నుత్సాహ మెట్లు కలుగును? ఆరోగ్యమును గూర్చిన యుత్తరువు తెలియని భాషలో వచ్చినపుడు, దానిని పాటింపకుండుట మూఢత్వమా? పుస్తకమన్న ప్రార్థనపుస్తకము తప్ప వేఱొకటి యింట చూడని వానికి, వ్యాధి దైవశిక్ష యని తప్ప వేఱొక కారణము తోచుటకు మార్గమేది? ఈ ప్రశ్నల వరుసయే విర్కోను జ్వరమునుండి పాఠశాలకు నడపించెను.

పాఠశాలను గూర్చి ఆతడు కనుగొన్నది విచిత్రము. ప్రభుత్వమువారు ప్రజలను జర్మను భాషీయులను జేయదలచి, జర్మను ఉపాధ్యాయులను పల్లెలకు బంపియుండిరి. ఉపాధ్యాయునికి పిల్లల మాట రాదు. పిల్లలకు ఉపాధ్యాయుని మాట రాదు. ఏండ్లు గడచునప్పటికి ఉపాధ్యాయుడే పిల్లలయొద్ద పోలిష్ నేర్చుకొనెను గాని, పిల్లలకు జర్మను రాలేదు. కొన్ని మాటలను చిలుకపలుకులుగా వల్లించి బడి విడిచినవాడు తరువాత వానిని మఱచెను. మాతృభాషయందు చదువుట నేర్పబడలేదు గనుక అదియు లేకపోయెను. ఇట్లు రెండు భాషలకును మధ్య నొక తరము నిరక్షరమై మిగిలెను. వెలుపలినుండి వచ్చిన వైద్యులలో పలువురు దుబాసీల మూలమున రోగులతో మాటాడవలసివచ్చినదనిన, ఆ చదువు ఫలమెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ప్రజలు మార్పునకు లొంగరను వాదమును ఖండించుటకు విర్కోకు ఆ సీమయందే యొక దృష్టాంతము దొరకెను. సారాయి అచటి జనులకు అనాదివ్యసనము. 1844లో పీకరీ గ్రామపు మతగురువు ఫిత్సెక్ మద్యనిషేధోద్యమము నారంభించెను. ఇతర గురువులును అనుసరించిరి. గుడిలో ప్రమాణముచేసి లక్షలకొలది జనులు స్వల్పకాలములో సారాయి మానిరి. ఎవ్వరి మాటయు విననివారని పేరొందిన ప్రజలే వీరు. వారి భాషలో, వారు నమ్మినవాడు, వారికర్థమగునట్లు చెప్పినపుడు ఏండ్లనాటి యలవాటును విడిచిరి. అంత పలుకుబడిగల గురువులు దానిని విద్యకై యేల వినియోగింపలేదని విర్కో వారిని నిందించెను. ఆ నింద యెంతవఱకు న్యాయమో తరువాతి చరిత్రము చూపును. మానవుడు మాఱుననుటకు మాత్రము ఆ యుద్యమము సాక్ష్యము.

వ్యాధికి మూలము రోగియందు గాక పాలనయందు వెదకుట ఆయుర్వేదము చదివినవారికి క్రొత్తగాదు. చరకసంహిత విమానస్థానమునందు మూడవ అధ్యాయము జనపదోద్ధ్వంసనీయము. పాంచాలదేశమున గంగాతీరమందలి కాంపిల్యనగరమున పునర్వసు ఆత్రేయుడు అగ్నివేశునకు చేసిన యుపదేశము అందలి విషయము. వేఱు వేఱు ప్రకృతులు, ఆహారములు, వయస్సులు గలవారు ఒక్కమాఱే యొక్క వ్యాధిచే ఏల నశింతురని శిష్యుని ప్రశ్న. వాయువు, ఉదకము, దేశము, కాలము అను నాలుగును అందఱికి సమానములు గనుక అవి చెడినపుడు జనపదమంతయు చెడునని గురువు సమాధానము. అవి యేల చెడును? అధర్మమువలన. అధర్మమునకు మూలము ప్రజ్ఞాపరాధము. దేశమునకును నగరమునకును ప్రధానులైనవారు ధర్మమును దాటి ప్రజలను నడపినపుడు, వారి నాశ్రయించినవారును, వ్యవహారజీవులును ఆ యధర్మమును పెంపొందింతురు. పిదప వానలు తప్పును, ఓషధులు వీర్యమును గోల్పోవును. విర్కో యీ గ్రంథము నెఱిగియుండె ననుటకు ఆధారము లేదు. ఉభయుల తర్కమును ఒకటి కాదు. చరకునియం దధర్మము దైవమును, ప్రకృతిని క్షోభింపజేయును. విర్కోయందు దుష్పాలన తిండిని, చదువును హరించును. ఐనను, జనపదవ్యాధి విచారణలో ప్రజలకంటె ముందు ప్రధానులను నిలిపి యడుగుట ఉభయత్ర సమానము.

బెర్లినునకు మరలిన విర్కో వెంటనే నివేదిక వ్రాసి, తన పత్రిక రెండవ సంపుటమున ప్రకటించెను. అందు జ్వరలక్షణములు, శవపరీక్షా ఫలితములు శాస్త్రరీతిని వివరింపబడినవి. చికిత్సాభాగము మాత్రము మంత్రిత్వమువా రెదురుచూచినట్లు లేదు. కషాయముల పేర్లకు మారుగా అందున్నవివి: ప్రజలకు సంపూర్ణ స్వపరిపాలన, పోలిష్ భాషకు వ్యవహారమున స్థానము, మతాధికారమునకు లోబడని సార్వజనిక విద్య, పన్నుల భారమును బీదలనుండి ధనికులకు మార్చుట, బాటలు, వ్యవసాయాభివృద్ధి, రైతుల సహకారసంఘములు. విద్య, స్వేచ్ఛ, సంపద అను మూడును గలచోట ఇట్టి మారి తలయెత్తదని ఆతని సిద్ధాంతము. వీనిలో విద్యకే ఆతడు మొదటి స్థానమిచ్చెను.

ఆతడు రాజధాని చేరిన దినములు విప్లవదినములు. మార్చి 18వ తేదీన బెర్లిను వీథులలో పోరాటము జరిగెను. విర్కో అడ్డుగోడలు కట్టినవారితో జేరెను. అదే సంవత్సరము జూలైలో లాయిబుషర్ అను మిత్రునితో గూడి వైద్యసంస్కరణము పేర వారపత్రికను స్థాపించెను. వైద్యము సమాజశాస్త్రమను ప్రసిద్ధవాక్యము ఆ కాలపుదే. విప్లవ మణగినతోడనే ప్రభుత్వమువా రాతనిని షారిటే యుద్యోగమునుండి తొలగించిరి. పిదప మరల నియమించిరిగాని వసతి సౌకర్యములను తగ్గించిరి. పత్రిక 1849 జూన్ చివర ఆగిపోయెను. ఆ యేడే విర్కో బవేరియా రాజ్యమందలి వూర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయమునకు వెడలెను. ప్రతి జీవకణమును మఱియొక జీవకణమునుండియే పుట్టునను సిద్ధాంతము ఆతనికి కీర్తి దెచ్చిన దచటనే.

ఇచట నొక విషయము గుర్తింపదగినది. టైఫస్ దేనివలన వ్యాపించునో విర్కోకు తెలియదు. స్థలదోషము, కాలదోషము, చెడుగాలి యని ఆతని తలంపు. బట్టలయందుండు చీరపేను దానిని మోయునని 1909లో ట్యూనిస్ నగరమున షార్ల్ నికోల్ కనుగొనెను; అందులకు 1928లో నోబెలు బహుమానమును పొందెను. అయినను మార్చుకొనుటకు రెండవ బట్టయు, ఉతుకుకొనుటకు వేడినీళ్లును, ఇఱుకులేని ఇల్లును, కడుపునకు తిండియు నున్నచోట పేను ప్రబలదు. కారణమును దెలియకయే ఆతడు చెప్పిన నివారణము సరిపోయెను. సూక్ష్మదర్శినికి కానరాని దానిని ఆతడు పేదవాని గుడిసెయందు చూచెను.

విర్కో యనంతర జీవితమున ఈ పాఠము నిలిచెను. 1852లో బవేరియా ప్రభుత్వము స్పెస్సార్ట్ కొండసీమయందలి క్షామవిచారణకు ఆతనిని బంపగా, మెత్తని మాటలతో నైనను ఆతడు విద్య, సంపద, స్వేచ్ఛ యను నా మూడింటినే మరల చెప్పెను. 1856లో బెర్లినునకు తిరిగివచ్చి, 1859 నుండి నగరసభలో సభ్యుడయ్యెను. నాగరికులమనుకొను పట్టణప్రజలును సైలీషియా రైతులకంటె సులభముగా మాట వినలేదు. పందిమాంసమునందలి ట్రికినా క్రిములను గూర్చి హెచ్చరించి, మాంసపరీక్ష నిర్బంధము కావలెననగా, మాంసవర్తకు లెదిరించిరి. 1865లో హెడర్స్‌లేబెన్ గ్రామమున ఆ మాంసము తిని 300 మందికి పైగా వ్యాధిగ్రస్తులై సుమారు 100 మంది మరణించిరి. అటుపిమ్మటగాని పరీక్షలు వ్యాప్తి గాంచలేదు. మురుగుకాలువల నిర్మాణము ఖర్చునకు జడిసి ఇండ్ల యజమాను లడ్డుపడిరి. ఏండ్ల వాదోపవాదముల పిదప, హోబ్రెఖ్త్ అను స్థపతి యేర్పఱచిన ప్రణాళిక ననుసరించి 1873లో పని మొదలయ్యెను. బడిపిల్లల ఆరోగ్యమునకు పాఠశాలలే చేయు కీడును గూర్చి 1869లో ఆతడొక నివేదిక వ్రాసెను. వ్యాధిని మాన్పవలసిన బడియే గాలి వెలుతురులు లేనిచో వ్యాధికి నెలవగునని దాని సారము.

వైద్యుడును ప్రజలలోని వాడే యనుటకు విర్కో జీవితమే సాక్షి. వైద్యులు చేతులు కడుగుకొనకపోవుటవలన బాలింతలు చనిపోవుచున్నారని వియెన్నాలో సెమ్మెల్‌వైస్ చూపగా, దానిని చాలకాల మంగీకరింపని పెద్దలలో విర్కో యొకడు. సూక్ష్మజీవుల శాస్త్రమును శంకతోనే చూచెను. రైతుయందు తన్ను విసిగించిన నూతనవిముఖత్వము వేఱొక వేషమున తనయందును గలదని ఆతడు గుర్తించినట్లు కానరాదు.

ఆతని సైలీషియా ఔషధమునకు పట్టిన గతి ఇంతకంటె శోచనీయము. 1848 తరువాత పోలిష్ భాషకు అచటి ప్రాథమిక పాఠశాలలలో నిజముగా స్థానము లభించెను. దానిని కలిగించినవాడు బొగెడైన్. ఓపెల్న్ ప్రాంతమునకు విద్యాధికారిగా వచ్చినవాడు, వృత్తిచే కాథలిక్కు మతగురువు. విర్కో యే వర్గమును నిందించెనో ఆ వర్గమువాడే ఆతడు కోరిన దానిని నెఱవేర్చెను. యూజెఫ్ లోంపా అను పల్లె యుపాధ్యాయుడు పోలిష్ భాషలో పాఠ్యపుస్తకములు వ్రాయుచు, జనపదగేయములను కథలను సేకరించుచు, 1848లో బైటమ్ పట్టణమున వెలసిన పోలిష్ పత్రికకు తోడ్పడుచు కృషిచేసెను. ఫలముగా ఉపాధ్యాయపదవిని గోల్పోయెను. పిమ్మట 1872లో ప్రభుత్వమువారు ఆ సీమ ప్రాథమిక పాఠశాలలలో మరల జర్మనునే బోధనభాషగా విధించిరి. ప్రష్యా రాజ్యమునకును కాథలిక్కు మతమునకును సంఘర్షణము జరుగుచున్న దినము లవి. ఆ సంఘర్షణమునకు సంస్కృతిసమరమను పేరును 1873లో శాసనసభయందు వాడి ప్రచారమునకు దెచ్చినవాడు విర్కోయే. బడిని గురువుల చేతినుండి తప్పింపవలెనను ఆతని కోరిక ఆ సమరమున కొంత నెఱవేరెను. బడి బిడ్డ భాషలో నుండవలెనను కోరిక ఆ కాలముననే భంగమయ్యెను. ఒకే నివేదికయందు చేరియున్న రెండు కోరికలను రాజ్యము విడదీసి, తనకు కావలసిన దానిని గ్రహించి రెండవదానిని త్రోసివేసెను.

విర్కో 1902 సెప్టెంబరు 5వ తేదీన మరణించెను. కణశాస్త్రమునందు ఆతని మాట కొంత నిలిచినది, కొంత సవరింపబడినది. సైలీషియా నివేదిక విలువ మాత్రము అందలి నిదానక్రమమునందున్నది. ప్రజలు వైద్యుని మాట వినరనుట ఫిర్యాదుగా నున్నంతవఱకు దానికి మందు లేదు. అది రోగలక్షణముగా గ్రహింపబడినపుడు దానికిని కారణము వెదకవచ్చును. ఆ మాట యే భాషలో చెప్పబడినది, విన్నవానికి చదువు నేర్పినవారెవరు, పాటించుటకు వానియొద్ద నున్న సాధనమేమి యనునవి అపుడు వైద్యుడడుగవలసిన ప్రశ్నలగును. 26 ఏండ్ల యువకుడు మూడువారములలో ఆ ప్రశ్నలను వేసెను. వానికి ఉత్తరము చెప్పవలసినవారిలో వైద్యునికంటె ముందున్నవాడు పల్లెబడి యుపాధ్యాయుడు.